పేపర్లు దిద్దేవారి నాణ్యతను అంకెలతో కొలవడం న్యాయమేనా?

నిలువుగీత
ఎనిమిది మంది మూల్యాంకకుల బృందానికి నేను లీడర్‌ని. కంప్యూటర్ తెరపై దిద్దే పద్ధతి వచ్చాక ప్రతి ఒక్కరి గురించీ మూడు రకాల అంకెలు నా ముందుకు వస్తున్నాయి. సీనియర్లు ముందే మార్కులు ఖరారు చేసి మామూలు పత్రాల మధ్య కలిపే సీడ్ పత్రాలలో ఎంత తేడా వచ్చింది, ఇచ్చిన మార్కుల సగటు, వ్యాప్తి ఎలా ఉన్నాయి, ఒక్కో జవాబుకు ఎంత సమయం పట్టింది అన్నవి ఆ మూడు. వీటి ఆధారంగా, అవసరమైతే ఒకరిని దిద్దకుండా ఆపే అధికారం ఉండాలని నేను నమ్ముతున్నాను. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిషు జవాబు పత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయులకు పంపితే, 64 నుంచి 98 దాకా మార్కులు వచ్చాయి. పిల్లల భవిష్యత్తు ఆ తేడా మీద వేలాడకూడదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

ఎర్రసిరా
22 ఏళ్లుగా దిద్దుతున్నాను. నా అభ్యంతరం సమయం లెక్క మీద. విద్యార్థి ఏమీ రాయకుండా వదిలేసిన ప్రశ్నకు నాలుగు సెకన్లు చాలు, గజిబిజి చేతిరాతతో రెండు పేజీలు నింపిన జవాబుకు ఆరు నిమిషాలు పడుతుంది. రెండింటినీ కలిపి సగటు తీసి "తొందరపడుతున్నారు" అని సందేశం పంపడం దిద్దే పని తెలియనివారు చేసే పని.

తొలిసారి_దిద్దుతున్నాను
నాకు మాత్రం సీడ్ పత్రాలు ధైర్యాన్నిచ్చాయి. మొదటి రోజు నేను మరీ కఠినంగా దిద్దుతున్నానని వాటి వల్లే తెలిసింది.

నిలువుగీత
ఎర్రసిరా గారూ, సమయం ఒక్కదాన్నే చూసి ఎవరినీ ఆపము. అసలు విలువ ఎక్కడుందో ఒక అనుభవం చెబుతాను. నా బృందంలో ఒకరి సగటు అందరి సగటుతో సరిగ్గా సరిపోయేది, కనుక మొదటి రెండు రోజులు నేను ఆయన వైపు చూడనేలేదు. మూడో రోజు మార్కుల వ్యాప్తి చూస్తే, ఐదు మార్కుల ప్రశ్నకు ఆయన దాదాపు అందరికీ మూడే ఇస్తున్నారు. పత్రాలు తెరిచి చదివాను. పూర్తిగా సరైన జవాబుకూ మూడే, సూత్రం ఒక్కటే రాసి వదిలేసిన జవాబుకూ మూడే. బాగా రాసిన పిల్ల రెండు మార్కులు పోగొట్టుకుంది, రాయనివాడికి ఊరికే వచ్చాయి. సగటు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ అంకెలు లేకపోతే దీన్ని ఎవరు పట్టుకునేవారు?

ఎర్రసిరా
మీరు చెప్పింది వ్యాప్తి గురించి, నేను అడిగింది సమయం గురించి. ఖాళీ జవాబులను లెక్కలోంచి తీసేసి సగటు చూపిస్తున్నారా, లేదా?

నిలువుగీత
నాకు కనిపించే పట్టికలో అలా విడదీసి లేదు. అయినా చర్చ దాని గురించి కాదు.

ఎర్రసిరా
నాకు దాని గురించే. విడదీయని అంకెను మనిషి ముందు పెట్టి జవాబు చెప్పమనడం తప్పు.

లెక్కల_టీచర్
సీడ్ పత్రాల గురించి ఒక లెక్క చెబుతాను. ఒక్కో పత్రంలో అనుమతించిన తేడా హద్దు దాటే అవకాశం 5 శాతం మాత్రమే ఉన్న మంచి మూల్యాంకకుడిని తీసుకోండి. అలాంటివారు కూడా 20 సీడ్ పత్రాలలో కనీసం ఒక్కసారి హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం. ఒక్క తేడాకే చర్య తీసుకుంటే మంచివారినే ఎక్కువగా ఆపుతాం. సబ్జెక్టును బట్టి కూడా హద్దు మారాలి. ఇంగ్లండ్‌లో పరీక్షలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ 2018లో ఇచ్చిన విశ్లేషణ ప్రకారం, సీనియర్లు ఖరారు చేసే గ్రేడే విద్యార్థికి దక్కే అవకాశం గణితంలో 0.96, ఇంగ్లిషు భాషాసాహిత్యాల ఉమ్మడి కోర్సులో 0.52. వ్యాసాలు దిద్దేవారిని గణితం కొలబద్దతో కొలవలేం.

నిలువుగీత
ఒక్క తేడాకు మేమూ ఆపము. కానీ 22 ఏళ్ల అనుభవం ఉన్నవారు సెకన్ల లెక్క దగ్గరే ఆగిపోవడం నాకు అర్థం కావడం లేదు. సరిగ్గా దిద్దేవారు అంకెలకు ఎందుకు భయపడాలి?

ఎర్రసిరా
భయం అన్నారు కాబట్టి ఇప్పటివరకు చెప్పనిది చెబుతాను. ఎత్తు నుంచి వదిలిన రాయి నేలను తాకేటప్పుడు దాని వేగం ఎంత అన్నది ఐదు మార్కుల ప్రశ్న. జవాబుల కీలో చలన సమీకరణంతో చేసిన సోపానాలు ఉన్నాయి. ఒక విద్యార్థి శక్తి నిత్యత్వంతో మొదలుపెట్టి, స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారుతుందని రాసి, మూడు పంక్తులలో అదే జవాబు తెచ్చాడు. నేను ఐదు ఇచ్చాను. అది సీడ్ పత్రం, ఖరారైన మార్కులు మూడు, అనుమతించిన తేడా ఒకటి. అంతకుముందు ఒక చిన్న తేడా ఉంది కనుక ఇది రెండోదైంది. మధ్యాహ్నానికి నా తెర ఆగిపోయింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎందుకు ఐదు ఇచ్చావని అడగలేదు. మరుసటి ఏడాది నన్ను పిలవలేదు. భౌతిక శాస్త్రం ప్రకారం ఆ విద్యార్థి తప్పేమీ లేదు, కానీ నా పేరు పక్కన "తప్పు" అని పడింది. నేను అంకెలకు భయపడలేదు, తిరిగి మాట్లాడే దారి లేకపోవడం నన్ను బాధించింది.

తొలిసారి_దిద్దుతున్నాను
ఆ జవాబుకు నేనూ ఐదే ఇచ్చేదాన్ని.

నిలువుగీత
ఎర్రసిరా గారూ, భయం అన్న మాట నేను అనవలసింది కాదు, క్షమించండి. అయినా నా వాదన వదలను. ఆ పద్ధతిని అంగీకరించాలని మీకు అనిపిస్తే చీఫ్ ఎగ్జామినర్‌కు రాయాలి. ఆయన కీని మార్చి అందరికీ పంపాలి. మీరొక్కరే ఐదు ఇస్తే, అదే జవాబు రాసి వేరొకరి చేతిలో పడినవాడికి మూడే వస్తాయి. వాడికి జరిగే అన్యాయం మాటేమిటి? పైగా, ఆపకుండా ముందు మాట్లాడదామంటే ఆ రెండు గంటల్లో ఇంకో అరవై జవాబులు దాటిపోతాయి.

ఎర్రసిరా
రాయవలసింది, రాయలేదు. ఆ తప్పు నాది. అయితే సీడ్‌కు మార్కులు ఖరారు చేసినవారు పొరబడితే ఆ లెక్క ఏ పట్టికలో కనిపిస్తుంది? మేము తప్పామా అని వెతకడానికి మూడు పట్టికలు ఉన్నాయి, వారు తప్పారా అని వెతకడానికి ఒక్కటీ లేదు. దిద్దేవారి వరుసలో కాకుండా పత్రాల వరుసలో అవే అంకెలు పేర్చి చూడండి. ఒకే సీడ్ దగ్గర చాలామంది ఒకే వైపు తేడా చూపితే, అనుమానించవలసింది మనుషులను కాదు, ఆ పత్రాన్ని.

లెక్కల_టీచర్
దీనికి కొత్త సమాచారం అక్కర్లేదు, ఉన్నదాన్ని తిరగేసి చదివితే చాలు.

నిలువుగీత
రెండు రోజులుగా అదే పని చేశాను. నా బృందం అంకెలను పత్రాల వారీగా పేర్చితే, ఒక సీడ్ దగ్గర ఎనిమిది మందిలో ఐదుగురు ఖరారైన మార్కుల కంటే రెండు ఎక్కువ ఇచ్చారు. ఐదుగురి ఖాతాలోనూ అది తప్పుగానే నమోదై ఉంది. వారిలో ఒకరిని గత వారం ఆపింది నేనే. చీఫ్ ఎగ్జామినర్‌కు పత్రంతో సహా రాశాను, ఇంకా జవాబు రాలేదు. మాట్లాడేలోపు దిద్దడం ఆపాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఎర్రసిరా
చీఫ్‌కు రాశారు, మంచిది. ఆపిన ఆ మనిషితో మాట్లాడారా?