పోలో జీటీకి రీమ్యాప్ చేయించనా, ఆక్టేవియా ఆర్‌ఎస్ వెతకనా?

కారుచిచ్చు: నాది 2016 పోలో జీటీ టీఎస్‌ఐ, 62 వేలు తిరిగింది. ఆ 105 పీఎస్ పవర్ ఇప్పుడు ఆనట్లేదు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, మంచి టైర్లు కలిపి రెండు లక్షలు పెట్టనా, లేక దీన్ని అమ్మేసి లోన్ తీసుకుని సెకండ్‌హ్యాండ్‌ ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 కొననా? రోజూ కొండాపూర్ ఆఫీసు, ఆదివారం పొద్దున్నే అనంతగిరి ఘాట్ రోడ్డు.

ఓఆర్‌ఆర్_రాత్రి: రీమ్యాప్. ఇందులో ఆలోచించేదేముంది.

నాలుగోగేరు: తొందరపడకు తమ్ముడూ. నీ బండిలో 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డ్రై క్లచ్‌ది (ఆయిల్‌లో మునగనిది), 250 ఎన్‌ఎం టార్క్, అంటే తిప్పే బలం, వరకే దాని లెక్క. కంపెనీ ఇచ్చింది 175. రీమ్యాప్ చేసేవాళ్ళు దాన్ని 230 దగ్గరికి లాగుతారు, ఇక గచ్చిబౌలిలో సాయంత్రం ఆరింటికి పాకుతుంటే క్లచ్ అసలే ఉడుకుతుంటుంది. అదే ఆర్‌ఎస్ 230 అయితే 2017లో షోరూమ్ నుంచే 230 పీఎస్, 350 ఎన్‌ఎం, ఆయిల్‌లో మునిగుండే క్లచ్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. నీకు వెనక డ్రమ్ బ్రేకులు.

ఓఆర్‌ఆర్_రాత్రి: అన్నా, బ్రేకు కొడితే బరువంతా ముందుకే వస్తుంది, డ్రమ్ములతో ఏం కొంప మునిగింది? పైగా పోలో దాదాపు మూడొందల కిలోలు తేలిక. నాది రీమ్యాప్ చేయించి నాలుగేళ్ళు, 48 వేలు తిప్పా, క్లచ్ శుభ్రంగా ఉంది.

డీజిల్‌బాబాయ్: ముందు టైర్లు మార్చు నాయనా.

నాలుగోగేరు: అనంతగిరి నుంచి దిగుతూ వరసగా నాలుగు మలుపుల్లో బ్రేకు తొక్కి చూడు, డ్రమ్ములతో ఏమవుతుందో అప్పుడు మాట్లాడదాం.

ఓఆర్‌ఆర్_రాత్రి: మళ్ళీ డ్రమ్ములేనా!

బెజవాడ_బండి: ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి చేయించారా ఎవరైనా? బండిలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆర్‌సీ వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా రాకూడదనే చెప్పింది.

ఓఆర్‌ఆర్_రాత్రి: ఆర్‌సీలో రీమ్యాప్ ఎక్కడ కనబడుతుంది బ్రో? అమ్మేముందు పాత మ్యాప్ వేయించేస్తే అసలు ఎవరికీ తెలీదు.

నాలుగోగేరు: ఎవరికీ తెలీదా? నాకు తెలిసింది. 2021లో ఒక హ్యాచ్‌బ్యాక్ కొన్నా, సర్వీసు రికార్డు అద్దంలా ఉంది. మూడో నెలలో మియాపూర్ సిగ్నల్ దగ్గర డీలో వేసినా కదల్లేదు. వెనక సిటీ బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యడు, పక్కన మా అమ్మ డయాలసిస్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిణ్ణి ఆటో ఎక్కించి బండి తోసుకెళ్ళా. క్లచ్ బిల్లు లక్షా నలభై. గ్యారేజీ కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి చూపించాడు, ఈసీయూని, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్‌ని, ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో (సాఫ్ట్‌వేర్ మార్చారో) ఆ లెక్క అందులోనే ఉంది. అమ్మినాయన ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. సరదా మీది, బిల్లు మాదీనా?

ఓఆర్‌ఆర్_రాత్రి: మీకు అమ్మింది నేను కాదు కదన్నా. మీ కోపం రీమ్యాప్ మీద కాదు, చెప్పకుండా అంటగట్టినవాడి మీద. అది ముందే అనుంటే ఇంత రచ్చ ఉండేది కాదు. నాకు హోమ్‌లోన్ పోగా మిగిలేదాంతో ఆర్‌ఎస్ ఈఎంఐ కట్టలేను. నలభై వేల రీమ్యాప్‌తో ఆదివారం ఒక్క గంట సంతోషంగా ఉంటా. కాస్ట్లీ కారు కొనగలిగినవాళ్ళకే సరదా ఉండాలా?

నాలుగోగేరు: నా దగ్గర ఆర్‌ఎస్ ఎక్కడుందయ్యా! ఆ బిల్లు కట్టాక వచ్చినకాడికి అమ్మేసి వేగన్ఆర్ నడుపుతున్నా. కొన్నవాడికి క్లచ్ బిల్లు, ఫ్లాష్ సంగతి అన్నీ చెప్పే అమ్మా, అరవై వేలు తగ్గించాడు. నువ్వు అమ్మేరోజున చెప్తావా లేదా, అదొక్కటి చెప్పు.

ఓఆర్‌ఆర్_రాత్రి: ఇంకా అమ్మే ఆలోచన లేదు.

నాలుగోగేరు: అడిగింది అది కాదు.

కారుచిచ్చు: మీ గొడవ మధ్యలో ఒక చిన్న డౌట్. నా పోలో కూడా నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదే. ఆ ఫ్లాష్ లెక్క ఏ స్కానర్‌లో కనబడుతుంది?