గ్రేవీ ప్యాకెట్‌లో ఫ్యాట్ 4 శాతమే ఉంది, పామ్ (పొమెరేనియన్) కుక్కకి డ్రై ఫుడ్ కన్నా ఇదే నయమా?

బెజవాడ_పామ్:
నాలుగేళ్ల మగ పామ్, స్టెరిలైజ్ అయింది. ఉండాల్సిన బరువు 3 కిలోలు, ఇప్పుడు 3.4. డ్రై ఫుడ్ బస్తా మీద ఫ్యాట్ 14 శాతం, తేమ 10 అని ఉంది. గ్రేవీ ప్యాకెట్ మీద ఫ్యాట్ 4, తేమ 80. మొత్తం గ్రేవీకి మార్చేస్తే కొవ్వు తగ్గుతుందా? అన్నంలో చెంచా నెయ్యి కూడా పడుతోంది, అమ్మ వింటే కదా.

లేబుల్_లెక్క:
తగ్గదండీ, పెరుగుతుంది. ముందు నీళ్లు తీసేసి చూడాలి. డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు అసలు పదార్థం 90 గ్రాములు, అందులో 14 కొవ్వు, అంటే 15.6 శాతం. గ్రేవీలో అసలు పదార్థం 20 గ్రాములే, అందులో 4 కొవ్వు, అంటే 20 శాతం. పైగా బస్తా మీద ‘మిన్’ అని రాసి ఉంటే అది కనీసం మాత్రమే, లోపల ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

కేలరీల మీద చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. కిలోకు 3500 కేలరీల డ్రై ఫుడ్‌లో 140 గ్రాముల ఫ్యాట్ ఉంటే, 1000 కేలరీలకు 40 గ్రాములు. రెండు బ్రాండ్లు పోల్చాలన్నా ఇదే పద్ధతి.

గుంటూరు_కిబుల్:
బస్తా సంగతి సరే, అసలు చిక్కు ఆ నెయ్యితోనే. 3 కిలోల కుక్కకు రోజుకు సుమారు 250 కేలరీలు చాలు (బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో, ఆపైన 1.6తో గుణించాలి). అంటే ఆ డ్రై ఫుడ్ 71 గ్రాములు, అందులో కొవ్వు 10 గ్రాములు. చెంచా నెయ్యి 5 గ్రాములు వేస్తే, రోజంతా తిన్న కొవ్వుకి ఇంకో సగం కలిసినట్టే! 45 కేలరీలు కూడా. పైతిండి మొత్తం పదో వంతు, అంటే 25 దాటకూడదు. గిన్నెతో కాదు, వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచండి. రెండు వారాలకోసారి బరువు చూసి, తగ్గకపోతే తిండిలో 10 శాతం కోత పెట్టండి. అమ్మగారికి నెయ్యి బదులు తోలు తీసి ఉడికించిన కోడి రొమ్ము ముక్క, ఉప్పూ కారం లేకుండా, వేలెడంత ఇవ్వమనండి.

బెజవాడ_పామ్:
అయితే ‘లో ఫ్యాట్’ ప్యాకెట్ తెచ్చేయనా?

లేబుల్_లెక్క:
అది డాక్టర్ చెబితేనే. కొవ్వు మరీ తగ్గితే చర్మం పొడిబారుతుంది, బొచ్చు నిగారింపు పోతుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టడానికీ అది కావాలి. ఎదిగిన కుక్కకు నీళ్లు తీసిన లెక్కలో 5.5, కుక్కపిల్లలకు 8.5 శాతం ఆఫ్కో (పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) చెప్పే కనీసం. మినియేచర్ ష్నాజర్, యార్కీ జాతులకు రక్తంలో కొవ్వు, ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ముప్పు ఎక్కువ, వాటి సంగతి వేరు. మటన్ కొవ్వు, కోడి తోలు తిన్నాక పదేపదే వాంతి, తిండి మానేయడం, ముందు కాళ్లు చాపి వెనక భాగం ఎత్తి ఉండటం కనిపిస్తే ఇంట్లో వైద్యం వద్దు. గన్నవరం వెటర్నరీ కాలేజీకో, దగ్గర్లోని డాక్టర్‌కో అదే రోజు చూపించండి.

గుంటూరు_కిబుల్:
ఇంకోటి. మన ఎండలకు విడిగా కిలో లెక్కన అమ్మే డ్రై ఫుడ్ కొనకండి, కొవ్వు త్వరగా చెడుతుంది. చిన్న కుక్క తినేది తక్కువ కాబట్టి 3 కిలోల బస్తా 40 రోజులు దాటుతుంది, 1.5 కిలోలదే తెండి. బస్తాతో సహా మూత డబ్బాలో పెట్టి, గాలి పోయేలా మడవండి. పాత వేరుశనగ నూనె వాసన వస్తే పారేయడమే.