"ఇతర మతస్థుల పండుగ సెలవు": ఈ నోటీసు మాటలు మార్చాలి, సాయం చేయండి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో పన్నెండేళ్లుగా అడ్మిన్ పని చూస్తున్నాను. తెలుగులో నోటీసు ఏది రాయాల్సి వచ్చినా నా టేబుల్ మీదికే వస్తుంది. పోయిన వారం నేను రాసిన ఒక వాక్యం ఇది:

"ఇతర మతస్థులు తమ పండుగలకు శలవు కోరినచో, ఏడు రోజులు ముందుగా అర్జీ పెట్టుకొనిన యెడల మంజూరు చేయబడును."

మంచి మనసుతోనే రాశాను. అప్పటిదాకా రంజాన్‌కు, క్రిస్మస్‌కు తప్ప వేరే రోజులకు సెలవు నోటిమాట మీదే నడిచేది. కాగితం మీద ఉంటే అందరికీ మేలనుకున్నాను. అకౌంట్స్‌లో పనిచేసే భాయ్ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివారు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా, "ఇతర అంటే ఎవరికి ఇతర సార్?" అని అడిగారు. నోట మాట రాలేదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మేమంతా కొండకు పోతే ఆఫీసు తాళాలు ఉండేది ఆయన దగ్గరే. నాకంటే ఆరేళ్లు ముందు చేరిన మనిషి.

ఇంకో మాట కూడా అన్నారు. "నెలవంక కనబడితేనే కదా సార్ పండగ. ముందురోజు రాత్రి దాకా మాకే తెలీదు. ఏడు రోజులు ముందు అర్జీలో ఏ తారీఖు రాయాలి?"

ఆ రాత్రి వాక్యాన్ని మాట మాటగా విప్పి చూశాను. తప్పుంటే దిద్దండి.

"శలవు" తప్పు, "సెలవు" ఒప్పు. ఇది అచ్చ తెలుగు మాట, అచ్చ తెలుగులో శకారం ఉండదు. తొందరలో అలవాటు కొద్దీ రాసేశాను. అసలు చిక్కు అర్థంలో ఉంది. సెలవంటే పని లేని రోజు ఒక్కటే కాదు, అనుమతి, ఆజ్ఞ కూడా. "పెద్దవారు ఏమి సెలవిచ్చారు?" అంటే ఏమని చెప్పారు, ఏమని ఆజ్ఞాపించారు అని. పోయేటప్పుడు "సెలవు తీసుకుంటాను" అన్నా పోవడానికి అనుమతి అడిగినట్టే. అంటే ఈ మాటలోనే పైనుంచి కిందికి వచ్చేదన్న భావం ఉంది. దాని పక్కన నేను "కోరినచో", "అర్జీ", "మంజూరు చేయబడును" పేర్చి ఆ మెట్టును ఇంకా ఎత్తు చేశాను. మాట్లాడేటప్పుడు మనం ఇట్లా అనం. "రేపు లీవు పెడతా ఉండా" అంటాం. పెట్టేది మనమే.

ఇక "ఇతర మతస్థులు". ఈ మాట నా కలంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాను. హిందువులు కానివారు తిరుమలలో దర్శనానికి ముందు డిక్లరేషన్ ఇవ్వాలన్న నిబంధన ఉంది. దాని మీద వార్త వచ్చినప్పుడల్లా "అన్యమతస్థులు" అన్న మాట వింటాం. మన ఊళ్లో చెవికి బాగా అలవాటైన మాట. గుడి విషయంలో ఆ మాటకు అర్థం కుదురుతుంది, అది ఎవరి గుడో అందరికీ తెలుసు కాబట్టి. ఆఫీసు ఎవరి గుడీ కాదు. కొండ మీది మాటను కింద హాజరుపట్టీ పక్కన అంటించాను. బాధగా ఉంది.

ఈ వాక్యాన్ని తిరిగి రాయాలి. ఏ మాటలు వాడితే బాగుంటుంది?

జవాబు, పలమనేరు నుంచి:

సెలవు గురించి ఒక చిన్న సంగతి. తమిళంలో ఇదే మాటకు ఖర్చు అని అర్థం. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడేవాళ్లు "సెలవైపోయింది" అంటే డబ్బు అయిపోయిందని. మా ఊరు దాటి ముళబాగిలు వైపు పోతే కన్నడంలో "రజా" అంటారు. అది ఉర్దూ నుంచి వచ్చింది, దానికీ సమ్మతి అనే అర్థం. కాబట్టి అనుమతి భావం ఒక్క మన మాటకే అంటుకున్నది కాదు. మీ వాక్యంలో అర్జీ, మంజూరు కూడా ఆ దారిన వచ్చినవే. ఆ భాయ్ ఇంటి పెద్దలు మాట్లాడిన మాటలతోనే ఆయన్ని "ఇతర" అన్నారు. అదే నాకు బాగా గుచ్చుకుంది.

జవాబు, చిత్తూరు నుంచి:

నేను టీచర్ని, క్రైస్తవురాలిని. నాకు ఇబ్బంది "పండుగ" అన్న మాటతో. గుడ్ ఫ్రైడే మాకు పండుగ కాదు. యేసు ప్రభువును సిలువ వేసిన రోజు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా చర్చిలో ఉంటాం, సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం. చాలామంది ఉపవాసం. ఆ రోజు ప్రేమతోనే "హ్యాపీ గుడ్ ఫ్రైడే మేడమ్" అంటారు. ఏం చెప్పాలో తెలీక తల ఊపుతాను. మొహర్రం కూడా అంతే కదా. పీర్ల పండుగ అంటాం గానీ అది హుస్సేన్ గారి మరణాన్ని తలచుకునే రోజు. మీ ఫారంలో "పండుగ పేరు" అని గడి ఉంటే నేను అక్కడ ఏం రాయాలండీ?

జవాబు, తిరుపతి నుంచి, రిటైరైన ప్రభుత్వోద్యోగి:

బాబూ, మీరు కొత్తగా మాట వెతకనక్కరలేదు. ప్రభుత్వం ఏటా రెండు జాబితాలు ఇస్తుంది. సాధారణ సెలవులు ఒకటి, ఐచ్ఛిక సెలవులు ఒకటి. రెండో జాబితాలోంచి రాష్ట్ర ఉద్యోగి ఏడాదికి ఐదు రోజుల వరకు ఎంచుకోవచ్చు, ఏ మతం వారన్న దానితో పని లేదు. కేంద్ర ఉద్యోగులకు ఇటువంటివే రెండు, వాటిని పరిమిత సెలవులంటారు. "ఏ మతం వారైనా" అన్న ఆ మూడు మాటలే నా సర్వీసంతా నాకు నచ్చినవి. నువ్వెవరు అని అడగదు, నీకే రోజు కావాలి అని మాత్రం అడుగుతుంది. ఒక్క విన్నపం: "ఐశ్చిక" అని రాయకండి. ఇచ్ఛ నుంచి వచ్చినది, ఐచ్ఛిక.

జవాబు, తిరుపతి నుంచి:

అన్నా, నాది వేరే ఇబ్బంది. మేము గంగమ్మ జాతర ఇంటోళ్లం. మే నెలలో చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా మా ఇంట్లో ఎవరూ ఊరు దాటరు. మా తమ్ముడు మొక్కుకుని బైరాగి వేషం నుంచి మొదలుపెట్టి అన్ని వేషాలూ కడతాడు. రెండేళ్ల కింద సరిగ్గా ఆ వారంలోనే చెన్నై మీటింగుకి పొమ్మన్నారు. నేను హిందువునే, మా మేనేజరూ హిందువే. "అదేం పండగ, లిస్టులో లేదే" అన్నారు. మీ నోటీసు ప్రకారం నేను ఇతర మతస్థుణ్ణి కాదు కాబట్టి నాకు అర్జీ పెట్టే దారి కూడా లేదు.

మళ్లీ నేను:

ఈ చివరి జవాబు చదివాక నా ఆలోచనే మారింది. నిన్నటిదాకా "ఇతర" బదులు ఇంకో మర్యాదైన మాట వెతుకుతున్నాను. "మతస్థులు" అన్నదే అక్కరలేదని ఇప్పుడు అర్థమైంది. మతం పేరుతో గీత గీస్తే జాతర ఇల్లు ఒకవైపు జారిపోతుంది, గుడ్ ఫ్రైడే "పండుగ" దగ్గర ఆగిపోతుంది, నెలవంక "ఏడు రోజుల" దగ్గర. ఐచ్ఛిక సెలవు మంచి మాటే, పెద్దాయనకు నమస్కారం. పైన శీర్షికగా అదే పెడతాను. కానీ మా దగ్గర లోడింగ్ చేసే పిల్లలు కూడా చదవాలి, అందుకని కింద మామూలు తెలుగులో ఇట్లా రాశాను:

"ఐచ్ఛిక సెలవులు. మీ పండుగకు గానీ, ఉపవాసానికి, ప్రార్థనకు గానీ, మీ ఇంటి ఆచారానికి గానీ సెలవు కావలసి వస్తే ముందుగా తెలియజేయండి. నెలవంకను బట్టి వచ్చే రోజులకు ముందురోజు రాత్రి ఫోన్ చేసి చెప్పినా చాలు. ఆ రోజు మీ పని ఎవరు చూస్తారో ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండి."

ఫారంలో "పండుగ పేరు" గడి తీసేశాను. "తేదీ" ఒక్కటే ఉంచాను. టీచర్ గారూ, మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే.

భాయ్‌కి చూపించాను. నిదానంగా చదివి, "ఇద్దరూ మాట్లాడుకుని" అన్నచోట వేలు పెట్టి, "ఇది బాగుంది సార్. గరుడసేవకు మనం చేసేది అదే కదా" అన్నారు.

మేనేజర్ గారు మాత్రం ఒక్క క్రియ దగ్గర పట్టుబట్టారు. "తెలియజేయండి" అంటే ఎవరిష్టం వాళ్లదైపోతుంది, ఒకే రోజు నలుగురు తెలియజేస్తే లారీ ఎవరు పంపాలి, "అడగండి" అని రాయమంటున్నారు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. కానీ "అడగండి" అనగానే వాక్యం మళ్లీ అర్జీ దగ్గరికి పోతోంది.

పాత కాగితం ఈ మధ్యాహ్నమే బోర్డు మీద నుంచి తీసేశాను. కొత్తది సోమవారం పొద్దున పెట్టాలి. "తెలియజేయండి"కీ "అడగండి"కీ నడుమ కూర్చునే క్రియ మీ వైపు ఏదైనా ఉంటే ఆదివారం సాయంత్రంలోపు రాయండి.