మిషనరీగా బయటి దేశం ఎల్లొచ్చినోళ్లు ఉన్నారా? మైకులో చెప్పని సాక్ష్యం కావాలి

టెక్కలి_కుర్రోడు:
అందరికీ వందనాలు. మాది టెక్కలి దగ్గర చిన్న ఊరు. సంఘం తరఫున రెండేళ్లు ఆఫ్రికాలో మలావీ దేశం ఎల్లమంటున్నారు. అమ్మ ఏడుస్తోంది, నాన్న ఏటీ మాట్లాడట్లేదు, అయ్యగారేమో దేవుడు చూసుకుంటాడురా అంటున్నారు. చూసుకుంటాడు సరే, అక్కడికెళ్లాక మన విశ్వాసం ఏమవుద్ది అన్నదే నా భయం. కన్వెన్షన్లలో తిరిగొచ్చినోళ్లు చెప్తే అంతా వెలుగే, ఒక్కళ్లు కూడా నాకు ప్రార్థన రాలేదు అనరు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకోటి, ఆవకాయ పట్టుకెళ్లొచ్చా? సీరియస్‌గానే అడుగుతున్నా.

పాలకొండ_పెద్దన్న:
తమ్ముడూ, నేను మలావీలోనే మూడేళ్లున్నా, బ్లాంటైర్లో మినీబస్సెక్కి దిగాక ఇంకో గంట నడక. ప్రార్థన రాలేదా అంటే రాలేదు. మన దగ్గర ప్రార్థనంటే కీబోర్డు, డోలక్, మైకు, పక్కన ఆమేన్ అనేవాళ్లు. అవన్నీ తీసేస్తే నా సొంతం ఎంతో అక్కడ తేలింది, గట్టిగా రెండు నిమిషాలు. మొదట్లో చాలా సిగ్గేసింది. ఇక్కడ గంట వాక్యం చెప్పేవాణ్ణి, అక్కడ చిచేవా భాషలో "జికోమో" అంటే థాంక్స్, అంతకుమించి నోట్లోంచి మాట రాదు, పిల్లలు నవ్వేవాళ్లు.

ఫిబ్రవరిలో మలేరియా వచ్చింది. ఆ నెలలు అక్కడ కష్టకాలం, పాత మొక్కజొన్న అయిపోద్ది, కొత్త పంట ఇంకా చేతికి రాదు. ముందు వారమే నేను ఇవ్వడంలో ఉన్న దీవెన గురించి పెద్ద ప్రసంగం చేశా, దుబాసీని పెట్టుకుని మరీ. పక్కింటి ముసలావిడ (అగోగో అంటారు, మన మామ్మ లాగా) చాప మీద కూర్చుని విన్నాది. జ్వరం రెండోరోజు పొద్దున్నే మూత పెట్టిన గిన్నెతో వచ్చింది, మొక్కజొన్న పిండి జావ, మన చోడంబలి లాంటిదే గానీ తెల్లగా ఉంటాది. వాళ్లింట్లో పిండి ఎంతుందో నాకు తెలుసు, ముందురోజే డబ్బా అడుగు గీరుతున్న చప్పుడు విన్నా. డబ్బులు తీస్తే నా గుప్పిట మూసేసి, నేను తాగేదాకా అక్కడే కూర్చుంది. ప్రార్థన చెయ్యలేదు, వాక్యం చెప్పలేదు. ఇచ్చేవాడిగా ఎల్లినోడికి తీసుకోవడం ఎంత కష్టమో నాకు ఆ జావ దగ్గరే తెలిసింది.

ఇంకోటి చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు. పంపినోళ్లు నెలనెలా రిపోర్టు అడిగేవారు, ఎంతమంది రక్షణ పొందారు, ఎన్ని బాప్తిస్మాలు, ఫొటోలేవి అని. ఒక నెల కూడికకి పదిహేనుమంది వస్తే నలభై అని రాసేశా. ఎవరూ పట్టుకోలేదు గానీ నాకు నిద్ర పట్టలేదు, రెండు నెలల తర్వాత ఉన్నదున్నట్టు రాసి మళ్లీ పంపించా. జవాబు రాలేదు, ఆ నెల డబ్బులు మాత్రం లేటయ్యాయి.

బొబ్బిలి_టీచరు:
అన్నయ్యా, నంబర్ల మాట చదివి నాకు ఒకటి గుర్తొచ్చింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడుగా సువార్తలు తెలుగులోకి తెచ్చారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా బెంగాల్లోని శ్రీరాంపూర్లో అచ్చయింది 1812లో. అచ్చు కాగితం ఇద్దరూ చూడలేదు! వాళ్లని రిపోర్టు అడిగితే ఏం రాసేవారో. అమెరికా మిషనరీ జడ్సన్ అయితే 1813లో బర్మా వెళ్తే మొదటి బాప్తిస్మం 1819లో.

రాజాం_రాజు:
ఏమనుకోకండి, మలావీలో జనం ఎక్కువమంది క్రైస్తవులే కదా. వాళ్లకి మనం చెప్పేదేంటి? మా వీధిలో సాయంత్రమైతే తాగి పడిపోయేవాళ్లున్నారు, ముందు వాళ్ల దగ్గరికి రమ్మనండి.

పాలకొండ_పెద్దన్న:
రాజు గారూ, మీరన్నది నిజమే, నన్ను పంపింది పల్లె కాపరులకి వాక్యం నేర్పడానికి. వాళ్లలో కొందరికి నాకంటే ఎక్కువ వచనాలు నోటికొచ్చు. సగం క్లాసులు నేనే విద్యార్థిని. మీ వీధి సంగతి కూడా కరెక్టే, తిరిగొచ్చాక నేను మా వీధిలో ఎంతమంది తలుపు తట్టానా అని లెక్కేసుకుంటే బాగోలేదు.

విజయనగరం_సిస్టర్:
నేను నేపాల్లో ఉన్నా, ఇంగ్లిష్ నేర్పేదాన్ని. బ్రదర్, ఎక్కడికెళ్లినా వీసా ఏ పనికిచ్చారో ఆ పనే చెయ్యి, టూరిస్టు వీసా మీద పరిచర్య అంటే ఒప్పుకోకు. నేపాల్లో 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న చట్టంలో మతం మార్పిస్తే ఐదేళ్ల వరకు జైలు, యాభై వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా. నోరు మూసుకుని బతకడం నాకు అక్కడే అలవాటైంది, పక్కింటివాళ్లే అడిగేవారు నువ్వు పొద్దున్నే ఒక్కదానివే ఎవరితో మాట్లాడతావని. ఆవకాయకి మాత్రం రెండు కవర్లు వెయ్యి, నూనె కారితే బట్టలన్నీ పోతాయి.

టెక్కలి_కుర్రోడు:
అందరికీ థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించా, నాన్న కూడా తలుపు పక్కనుంచి విన్నారు. అంతా విని అమ్మ అడిగింది, ఆ మామ్మగారు కారం తింటారా అని.

పాలకొండ_పెద్దన్న:
తింటారు తమ్ముడూ. అక్కడ నాలి అని మిరపకాయ సాసు సీసా అమ్ముతారు, మన ఆవకాయకి ఏం తీసిపోదు. అమ్మగారిని ఉప్పు కొంచెం తగ్గించమను.