వేరే దేశం థ్రాటిల్ బాడీ మన టర్బో కారుకు సరిపోతుందా?

మాది విశాఖ, గాజువాక. నాది 2019 టర్బో పెట్రోల్ కారు, బీఎస్4. పోయిన శనివారం అమ్మను సింహాచలం తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు మలుపులో పికప్ పడిపోయింది. యాక్సిలరేటర్ తొక్కినా బండి పాకుతూనే ఉంది. వెనక బస్సు హారన్లు, పక్కన అమ్మ టెన్షన్. స్కానర్ పెడితే పి2135 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది, అంటే థ్రాటిల్ బాడీలోని (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని రేకుతో అదుపు చేసే భాగం) రెండు పొజిషన్ సెన్సార్ల లెక్క కలవడం లేదన్నమాట.

ఆటోనగర్ మెకానిక్ విప్పి చూపించాడు. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. సముద్రపు గాలికి ఇది మామూలేనట. శుభ్రం చేసినా రెండు రోజులకే మళ్లీ అదే కోడ్. కొత్తది ఆర్డర్ పెడితే నెలపైనే పడుతుందన్నారు.

ఇంతలో దుబాయ్‌లో ఉన్న మా బావ అదే ఇంజిన్‌ది, అక్కడి మార్కెట్ పార్టు తెచ్చాడు. వెర్నియర్‌తో కొలిచాను: బోర్ (గాలి వెళ్లే రంధ్రం వ్యాసం) రెండిటికీ 50 మి.మీ. బోల్టు రంధ్రాలు, 6 పిన్నుల కనెక్టర్ కూడా సరిపోయాయి. కానీ పార్ట్ నంబర్ చివరి అక్షరం వేరు, కరెంటు లేనప్పుడు రేకు తెరుచుకుని ఉండే సందు కూడా కాస్త ఎక్కువ. నా భయమల్లా అదే. సెన్సార్ వోల్టేజీ తేడాగా ఉంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఒప్పుకోదు కదా!

ఇలా వేరే మార్కెట్ పార్టు బిగించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఐడిల్ రీలెర్న్ (రేకు స్థానాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పడం) చేస్తే చాలా, ఈసీయూ కోడింగ్ కూడా మార్చాలా? బిగించే ముందు ఏ పిన్నుల దగ్గర ఎంత వోల్టేజీ చూడాలో చెప్పండి. వచ్చే వారం అమ్మను మళ్లీ కొండకు తీసుకెళ్లాలి.