చైనాలో ఏళ్ల తరబడి ఉంటున్నవారు స్నేహాలు ఎలా నిలుపుకుంటున్నారు, ఊరు ఎలా చూస్తున్నారు?

కరివేపాకు కుండీ (షాంఘై)
షాంఘై వచ్చి ఏడేళ్లయింది. మొన్న మా బృందంలో నాలుగో కుటుంబానికి వీడ్కోలు భోజనం పెట్టాం. వాళ్ల కుక్కరు, బాబు సైకిలు, బాల్కనీలో పెంచుకున్న కరివేపాకు మొక్క మా ఇంటికి చేరాయి. ఉద్యోగ ఒప్పందం ముగియగానే ఎవరో ఒకరు వెళ్లిపోవడం ఇక్కడ మామూలే. కానీ రెండేళ్లకోసారి మళ్లీ మొదటినుంచి పరిచయాలు పెంచుకోవడానికి ఇప్పుడు మనసు రావడం లేదు. ఇంకో సంగతి కూడా బాధిస్తోంది. వచ్చిన చుట్టాలకు నది ఒడ్డున పర్యాటకులంతా వెళ్లే బండ్ వీధి ఇరవైసార్లయినా చూపించి ఉంటాను, మా ఇంటి వెనక సందులో ఏముందో మాత్రం తెలియదు. ఎక్కువకాలంగా ఉంటున్నవారు మీ అనుభవాలు చెప్పండి.

రెండు యువాన్ల పడవ (షాంఘై, పదకొండేళ్లు)
నాకూ అదే జరిగిందండీ. మొదటి నాలుగేళ్లు మనవాళ్ల ఇళ్లలోనే గడిచాయి. వాళ్లంతా వెళ్లిపోయాక ఊళ్లో నడవడం మొదలుపెట్టాను. హువాంగ్‌పు నది దాటించే ఫెర్రీకి టికెట్టు 2 యువాన్లే. సాయంత్రం పని ముగించుకున్నవాళ్లు స్కూటర్లతో సహా ఎక్కుతారు. పర్యాటకుల పడవలో కనిపించని షాంఘై అందులో కనిపిస్తుంది.

వుకాంగ్ రోడ్డు మలుపులో ఓడ ముక్కులా పొడుచుకువచ్చిన 1924 నాటి భవనం అందరూ చూసేదే. హంగేరియన్ వాస్తుశిల్పి లాస్లో హుడెక్ దాన్ని రూపొందించాడు. ఒకసారి చూస్తే చాలు, అక్కడ ఫొటోలు దిగే జనమే ఎక్కువ. మీరు హోంగ్‌కౌ వైపు వెళ్లండి. డోంగ్‌బావోషింగ్ రోడ్డులో 1908లో సిక్కుల కోసం తెరిచిన గురుద్వారా భవనం ఉంది. అప్పట్లో షాంఘైలో విదేశీయులు పాలించిన ప్రాంతపు పోలీసుల్లో సిక్కులు చాలామంది. మన దేశంవాళ్లు వందేళ్ల కిందటే ఇక్కడ కాపురాలు చేశారన్న మాట ఆ గోడ ముందు నిలబడ్డాకే నాకు నిజమనిపించింది.

మూతకప్పు (చెంగ్డూ)
నాకు చెంగ్డూను పరిచయం చేసింది పీపుల్స్ పార్కులోని టీశాల. వెదురు కుర్చీలు, చెట్ల నీడ. అక్కడి కప్పును గైవాన్ అంటారు. పళ్లెం, గిన్నె, మూత మూడూ కలిసి ఒక కప్పు. టీ ఆకు గిన్నెలోనే ఉంటుంది, మూత అంచుతో పక్కకు నెట్టుకుంటూ తాగాలి. మూత తీసి వాల్చి పెడితే వచ్చి వేడినీళ్లు పోస్తారు. ఒక్క కప్పుతో మధ్యాహ్నమంతా కూర్చున్నా లేవమనేవారు లేరు. చెవులు శుభ్రం చేసేవాళ్లు ఇనుప పట్టకారును ఖంగుమనిపిస్తూ బల్లల మధ్య తిరుగుతుంటారు.

ప్రతి ఆదివారం అదే మూల కూర్చునేదాన్ని. మూడో నెలలో పక్కన మాజాంగ్ అనే పలకల ఆట ఆడే పెద్దావిడ "చి ల మా?" అని పలకరించింది. తిన్నావా అని! మన పల్లెల్లో "భోజనమయిందా అమ్మా?" అన్నట్టే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు ఒక్క ఆదివారం వెళ్లకపోయినా ఆవిడ ఫోను చేస్తుంది. విదేశీయుల విందుల్లో మొదటి ప్రశ్న "ఇంకా ఎన్నాళ్లుంటారు?" అన్నదే. ఆవిడ ఇంతవరకు అది అడగలేదు.

పిండి గుర్తులు (గ్వాంగ్‌జౌ)
అమ్మా, మీ మాట బాగుంది గానీ విదేశీయుల బృందాలను అలా తీసిపారేయకండి. 1938లో కౌలాలంపూర్‌లో మొదలైన హాష్ పరుగు బృందాలు చైనా పెద్ద నగరాల్లోనూ ఉన్నాయి. ఒకరు ముందుగా వెళ్లి మలుపుల్లో పిండితో గుర్తులు పెడతారు, మిగతావాళ్లు వెతుక్కుంటూ పరుగెత్తుతారు. కార్లు పట్టని సందులన్నీ నేను అలాగే తెలుసుకున్నాను.

గ్వాంగ్‌జౌ మర్యాద ఒకటి నేర్చుకోండి. ఉదయపు టీ దగ్గర ఎవరైనా మీ కప్పు నింపితే రెండు వేళ్లతో బల్లమీద మెల్లగా తట్టాలి. అదే కృతజ్ఞత. మా సరుకుల వ్యాపారి ముందు తొలిసారి అలా తట్టినప్పుడు ఆయన ముఖం విప్పారింది. ఆ పూట ధరల మాట ఎత్తకుండా తన కూతురి పెళ్లి కబుర్లు చెప్పాడు.

కరివేపాకు కుండీ
మా అమ్మ వచ్చే నెల వస్తోంది, గుడ్డు కూడా ముట్టదు. ఆమెను బయట తిప్పేది ఎలా?

రెండు యువాన్ల పడవ
షాంఘైలో 1922లో మొదలైన గొంగ్‌దెలిన్ ఉంది కదా, బౌద్ధుల శాకాహార భోజనశాల. మిగతా చోట్ల "కూరగాయలు" అంటే చాలదు. పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్లు వద్దని విడిగా చెప్పాలి. అమ్మగారు మీ ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేయించడం మరవకండి. హోటలయితే వాళ్లే చేస్తారు, ఇంట్లో అయితే మన బాధ్యత. నేను ఒకసారి రెండు రోజులు ఆలస్యం చేసి సంజాయిషీ రాసి ఇవ్వాల్సి వచ్చింది.

స్తంభం (షియామెన్)
వీలుంటే అమ్మగారిని మా దగ్గర్లోని క్వాన్‌జౌ ఊరికి తీసుకురండి. కైయువాన్ బౌద్ధాలయంలో పెద్ద మండపం వెనక రెండు రాతి స్తంభాలున్నాయి. తమిళ వర్తకులున్న కాలంలో ఆ ఊళ్లో కట్టిన, తర్వాత శిథిలమైన గుడివి అవి. ఒకదాని మీద హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న నరసింహుడు! చిన్న వలయంలో చెక్కిన బొమ్మ. ఎవరని ఒక ముసలమ్మ అడిగితే నాకొచ్చిన చైనీసులో ప్రహ్లాదుడి కథ చెప్పాను. "స్తంభంలోంచి వచ్చాడు" అనగానే ఆమె స్తంభాన్ని ఒకసారి తడిమి, పక్కనున్న మనవణ్ణి పిలిచి మళ్లీ మొదటినుంచి చెప్పమంది.

కరివేపాకు కుండీ
అమ్మకు ఫోనులో ఈ సంగతి చదివి వినిపించాను. టికెట్లు తీయమంది. నిన్న కరివేపాకు పక్కన మొలిచిన పిలకను చిన్న కుండీలో పెట్టి కింది అంతస్తు పెద్దావిడకు ఇచ్చాను. ఆవిడ వాసన చూసి, దీన్ని ఎందులో వేస్తారని అడిగింది. పప్పు పోపు చూపించడానికి శుక్రవారం మా ఇంటికి పిలిచాను. పడవ గారూ, శనివారం ఉదయం 8 గంటలకు మెట్రో మూడో లైను డోంగ్‌బావోషింగ్ రోడ్డు స్టేషను దగ్గర ఉంటాను. ఆ గోడ చూపిస్తారా?