సమస్యాపూరణం: దేశమును వీడి పోవుటే దేశభక్తి

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

దేశమును వీడి పోవుటే దేశభక్తి

తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. దానికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం కూడా చెల్లుతుంది. దీన్ని నాలుగో పాదంగా పెట్టి పై మూడూ పూరించండి. మన బెంగళూరు తెలుగువాళ్లలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో లేని ఇల్లు తక్కువ. ఆ పిల్లల్ని తలుచుకుని గర్వపడేదీ మనమే, దేశం ఖాళీ అయిపోతోందని బాధపడేదీ మనమే. అందుకే ఈ పాదం ఇచ్చాను. ఎప్పటిలాగే పేట పేరుతోనే రాయండి.

రాజాజీనగర్:
తల్లి యొడి కన్న డాలరే తళుకు లీన
విడిచి యేగిన వాడేమి విలువ నెరుగు?
తగునె పెద్దలై మీరిట్లు తలచి పలుక
దేశమును వీడి పోవుటే దేశభక్తి

జయనగర్ మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి. ధార బాగుంది. అయితే సమస్యను ఎవరి నోట్లోనో పెట్టి "ఇలా అనవచ్చా" అని మందలించడం అవధానాల్లో అందరూ ఎరిగిన దారే. మీ కోపమే చెప్పదలచుకుంటే దానికి ఇంకా చక్కని విరుపు ఈ పాదంలోనే ఉంది. పోవుట + ఏ దేశభక్తి అని విడదీయండి. అత్వసంధితో "పోవుటే" అవుతుంది, అర్థం మాత్రం "పోవుట ఏపాటి దేశభక్తి?" అని మారిపోతుంది. మూడో పాదం ఇలా ఉంటే చాలు:

పరుల కొలువుకు పరుగిడి బ్రతుకు కొరకు
దేశమును వీడి పోవుటే దేశభక్తి?

రాజాజీనగర్:
మాస్టారూ, ఒక్క అక్షరం కదలకుండా అర్థం తిరగబడింది! నా మూడో పాదం తీసేసి మీదే ఉంచుకుంటాను.

నిర్వాహకుడు:
విరుపు అద్భుతం. భావంతో మాత్రం నేను ఏకీభవించను. బతుకుదెరువు కోసం వెళ్లడాన్ని తప్పుగా చూపితే, కడప నుంచో చిత్తూరు నుంచో ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన మనం కూడా మన ఊళ్లకు జవాబు చెప్పుకోవాలి.

మల్లేశ్వరం:
కాపలాలెన్నొ యున్నను కన్నుగప్పి
వేషమును మార్చి కాబూలు వెడలినట్టి
బోసు కానాడు తోచిన పుణ్యపథము
దేశమును వీడి పోవుటే, దేశభక్తి!

1941 జనవరిలో కలకత్తాలో గృహనిర్బంధం నుంచి నేతాజీ తప్పించుకున్న ఘట్టం. పష్తో భాష రాదు కాబట్టి దారిలో చెవిటి మూగవాడిలా నటించాడు. అన్ని గొప్ప ఉపన్యాసాలిచ్చిన మనిషి నోరు కట్టేసుకుని సరిహద్దు దాటడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జయనగర్ మాస్టారు:
"బోసు"కు "పుణ్య" వర్గయతి, బ, ప ఒకే వర్గం కదా. చక్కగా కుదిరింది. సందర్భం తెచ్చి సమస్యను నిజం చేశారు, సిసలైన పూరణ ఇది. చివర "దేశభక్తి" కాస్త విడిగా నిలబడింది గానీ అది ఆ పాదం తెచ్చిన ఇబ్బందే, మీది కాదు.

నిర్వాహకుడు:
నాకు నచ్చింది. ఒక్క మాట. బోసు వెళ్లింది పోరాడి తిరిగి రావాలని. అక్కడే స్థిరపడినవారి సంగతి ఈ పద్యం తాకలేదు. అది తాకే పూరణ రావాలి.

యలహంక:
అయితే నాది చూడండి.

భీమవరమున జన్మించి పిదప నౌక
నెక్కి యమెరికా చేరిన నేమి? మనకు
బోదకాలుకు మందిచ్చె బుధుడు, కాన
దేశమును వీడి పోవుటే దేశభక్తి

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్లారు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. అక్కడి లెడర్లీ మందుల సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచే డీఈసీ మందు వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర అదే. మా ఊళ్లో ఆ మాత్ర మింగినవాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరున్నారు?

జయనగర్ మాస్టారు:
మూడో పాదంలో "కాన" దగ్గర తర్కం తడబడింది. ఒకరు మందిచ్చారు కాన అందరూ వెళ్లడమే దేశభక్తి అంటే నిలవదు. మిగతాదంతా నిండుగా ఉంది.

యలహంక:
పంపిన డబ్బు లెక్కన చూసినా నిలుస్తుందండీ. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ప్రవాసులు మన దేశానికి పంపింది సుమారు 12,900 కోట్ల డాలర్లు. ఏ దేశానికీ అంత రాలేదు.

నిర్వాహకుడు:
డబ్బు ఇంటివాళ్ల కోసం పంపుతారండీ, దానికి దేశభక్తి అని పేరు పెట్టడం నాకు ఒప్పదు. సుబ్బారావు గారి మాట వేరు. తర్కం ఎలా ఉన్నా, బోదకాలు అనే మన పల్లె మాటను పద్యంలోకి తెచ్చారు, అందుకు మీకు దండం.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
మొదటిసారి రాస్తున్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది. పోయిన వారమే చెన్నైలో వీసా స్టాంపింగ్ అయింది.

పాసుపోర్టున ముద్రయే పడిన వేళ
నమ్మ కన్నీటి వీడ్కోలు మనసు తాకె
మట్టి వాసన గుండెలో మసలె నపుడు
దేశమును వీడి పోవుటే దేశభక్తి

జయనగర్ మాస్టారు:
బాబూ, గణాలన్నీ కుదిరాయి, మొదటిసారికి అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది, "అ"కు "మ" చెల్లదు. "నెమ్మి నిచ్చె" అని మార్చు. అమ్మ, నెమ్మి ప్రాసయతి అవుతుంది. నెమ్మి అంటే ప్రేమ. "నమ్మ కన్నీటి వీడ్కోలు నెమ్మి నిచ్చె". ఇక మట్టి వాసన అందరూ అరగదీసిన మాట. నువ్వు నిజంగా చూసిందేదో రాయి.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
ధన్యవాదాలు మాస్టారూ. ఎయిర్‌పోర్టు దారిలో ఎప్పుడూ చూసేది ఒకటుంది, దాన్ని పెడతాను.

వెనుక హెబ్బాళ చెరువును వెదకె కనులు

జయనగర్ మాస్టారు:
ఇది నీ పాదం!

కేఆర్ పురం అక్కయ్య:
అప్పు తీర్చగ బీదకు నగున దేమి?
కువయిటున నున్న నెదలోన కురియు నేమి?
చెప్పుమని కోర నొక చెల్లి చెప్పె నిట్లు
దేశమును వీడి పోవుటే, దేశభక్తి

మొదటి ప్రశ్నకు మొదటి జవాబు, రెండోదానికి రెండోది.

జయనగర్ మాస్టారు:
క్రమాలంకారం. పద్ధతిగా ఉందమ్మా. ఒక్క సందేహం, భక్తి కురుస్తుందా? "కుదురు నేమి" అన్నా గణం చెడదు.

కేఆర్ పురం అక్కయ్య:
కుదరదు మాస్టారూ, కురుస్తుంది. మా చెల్లెలు కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. దాని ఫోన్‌లో టైం మాత్రం మన దేశానిదే ఉంచుకుంది, పిల్లలు బడికి వెళ్లే వేళ తెలియాలని. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు వాన పడిందా అని అడుగుతుంది, తర్వాతే పిల్లల సంగతి.

జయనగర్ మాస్టారు:
అలాగే ఉంచు తల్లీ. "కురియు" అన్నదే సరి.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు అక్కయ్యకే. మిగతా పూరణలు వెళ్లడం భక్తి అవునా కాదా అని తేల్చబోయాయి. ఈ పద్యం ఆ రెండింటినీ రెండు ప్రశ్నలకు జవాబులుగా విడదీసి, ఒకే మనిషిలో ఉంచింది. వెళ్లక తప్పనివాళ్ల ప్రేమను శంకించే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఆ మాటకు పద్యం దొరికింది.

తమ్ముడూ, నీ మూడో పాదం నుంచి నాలుగో పాదానికి లంకె ఇంకా పడలేదు. చెరువును వెదికిన కళ్లకు ఏం తెలిసిందో చెప్పే క్రియ ఒకటి కావాలి. ఆదివారం రాత్రిలోగా సవరించి పంపు. ఇంకా పూరించనివాళ్లకూ అదే గడువు.